వదలని సైనస్ ఒత్తిడి: ఇంట్లో ఏం చేయాలి, ఎలా చేయాలి, ఎప్పుడు డాక్టరును కలవాలి

పడిశం తగ్గి వారాలు గడిచినా చెంపల్లోనూ కనుబొమల మధ్యా బరువు మాత్రం వదలడం లేదని, ముందుకు వంగితే ముఖమంతా నిండిపోయినట్టు ఉంటోందని, దీనికి ఏం చేయాలని చాలామంది పాఠకులు అడుగుతున్నారు. అందరికీ ఒకేచోట జవాబు చెప్పడానికి ఈ వ్యాసం రాస్తున్నాను. ఈ సమస్యకు ఇంట్లో చేసేవాటిలో నిజంగా పనిచేసేవి రెండే: ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, డాక్టరు రాసిచ్చిన స్టెరాయిడ్ స్ప్రేను సరైన పద్ధతిలో కొట్టుకోవడం. ఈ రెండింటినీ చాలామంది మొదలుపెడతారు, నాలుగు రోజులు చేసి ఫలితం లేదని మానేస్తారు. నిజానికి చాలాసార్లు లోపం చేసే పద్ధతిలోనో, తొందరగా మానేయడంలోనో ఉంటుంది. అందుకే ఇక్కడ సిద్ధాంతం తగ్గించి పద్ధతి మీద ఎక్కువ రాశాను.

తెలిసి ఉండవలసిన కొద్దిపాటి సంగతి

నుదుటిలో, చెంపల్లో, రెండు కళ్ళ మధ్య, పుర్రె లోతుల్లో కళ్ళ వెనుక నాలుగు జతల గాలి గదులు ఉంటాయి. వాటినే సైనస్‌లు అంటాం. వాటి లోపలి పొర రోజంతా పలుచని శ్లేష్మాన్ని తయారు చేస్తూనే ఉంటుంది. కంటికి కనిపించని సన్నని రోమాలు ఆ శ్లేష్మాన్ని ముక్కులోకి తెరుచుకునే ద్వారం వైపు తోస్తుంటాయి. ఆ ద్వారాలు చాలా ఇరుకైనవి. పైగా చెంప సైనస్ ద్వారం గది అడుగున కాక పైభాగంలో ఉంటుంది కాబట్టి, మనం నిటారుగా కూర్చున్నంత మాత్రాన అందులోని శ్లేష్మం కారిపోదు. రోమాలే దాన్ని పైకి మోసుకుపోవాలి. జలుబు వల్లనో, అలర్జీ వల్లనో, పొగ వల్లనో పొర వాచిందంటే ద్వారం మూసుకుపోతుంది, రోమాల పని మందగిస్తుంది, శ్లేష్మం చిక్కబడి నిలిచిపోతుంది. మీరు చేయవలసిందల్లా వాపు తగ్గించడం, శ్లేష్మాన్ని పలుచన చేయడం. గట్టిగా చీది లోపలున్నదంతా లాగేయాలని ప్రయత్నిస్తే వాపు పెరుగుతుంది తప్ప తగ్గదు.

సైనస్‌ల వాపునే సైనసైటిస్ అంటారు. లక్షణాలు నాలుగు వారాల లోపు ఉంటే తీవ్ర (అక్యూట్, అంటే కొత్తగా వచ్చిన) సైనసైటిస్ అనీ, 12 వారాలు దాటితే దీర్ఘకాలిక సైనసైటిస్ అనీ డాక్టర్లు వ్యవహరిస్తారు. మధ్యమధ్యలో పూర్తిగా తగ్గిపోతూ ఏడాదిలో నాలుగుసార్లో అంతకు మించో వస్తే అది మరో తరగతి. మీది ఏ తరగతిలోకి వస్తుందో తేల్చుకోవడానికి మొదలైన తేదీని ఇప్పుడే గుర్తు తెచ్చుకుని రాసిపెట్టుకోండి.

ఈ లక్షణాలుంటే ఇంటి ప్రయత్నాలు ఆపి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి

- కన్ను చుట్టూ వాపు లేదా ఎరుపు, కన్ను ముందుకు పొడుచుకు రావడం, వస్తువులు రెండుగా కనిపించడం, చూపు మసకబారడం.
- మునుపెన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకుపోవడం, మగత, మాటల్లో తికమక.
- నుదుటి మీద మెత్తగా ఉబ్బిన వాపు.
- తగ్గని అధిక జ్వరం.
- మధుమేహం అదుపులో లేనివారికి, లేదా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారికి ముఖం ఒకవైపు నొప్పి, తిమ్మిరి, ముక్కులో గాని అంగిట్లో గాని నల్లటి పొక్కులు. ఇది ప్రమాదకరమైన ఫంగస్ వ్యాధి కావచ్చు, గంటలు కూడా విలువైనవే.
- తలకు దెబ్బ తగిలిన తరువాత, లేదా ముందుకు వంగినప్పుడల్లా, ఒక ముక్కు రంధ్రం నుంచి మాత్రమే నీళ్ళలాంటి తేట ద్రవం కారడం. ఇది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు.

మొదలుపెట్టే ముందు: ఇది సైనస్ సమస్యేనా?

ఈ ప్రశ్నను చాలామంది దాటవేస్తారు. నా ఉద్దేశంలో ఈ వ్యాసమంతటిలోకీ దీని మీదే ఎక్కువసేపు ఆగాలి. ముఖంలో బరువు, కళ్ళ మధ్య నొప్పి ఉన్నంత మాత్రాన అది సైనస్ నుంచే వస్తోందని చెప్పలేం. తమకు సైనస్ తలనొప్పి ఉందని నమ్మిన దాదాపు మూడువేల మందిని పరీక్షించి 2004లో ప్రచురించిన ఒక పరిశీలనలో, వారిలో 88 శాతం మంది లక్షణాలు నిజానికి మైగ్రేన్ తరహాకు చెందినవని తేలింది. మైగ్రేన్ వచ్చినప్పుడు కూడా ముక్కు దిబ్బడ వేయవచ్చు, ముక్కు నుంచి నీరు కారవచ్చు, వాతావరణం మారినప్పుడు నొప్పి ఎక్కువ కావచ్చు. అందువల్లే పొరబడటం ఇంత తేలిక.

ఈ కింది ప్రశ్నలకు నిజాయితీగా జవాబులు రాసుకోండి.

1. ముక్కు దిబ్బడ గాని, ముందుకో గొంతులోకో దిగే చిక్కటి, రంగు మారిన శ్లేష్మం గాని ఉందా? దీర్ఘకాలిక సైనసైటిస్ అని చెప్పాలంటే ముక్కు దిబ్బడ, శ్లేష్మం, ముఖంలో ఒత్తిడి, వాసన తగ్గడం అనే నాలుగింటిలో కనీసం రెండైనా ఉండాలి. ఆ పైన ముక్కులోకి కెమెరా పెట్టి చూసినప్పుడు గాని, సీటీ స్కాన్‌లో గాని వాపు కనబడాలి. ముక్కు తేటగా ఉండి, వాసన బాగా తెలుస్తూ, కేవలం నొప్పి మాత్రమే ఉంటే సైనస్‌ను అనుమానించడానికి ఆధారం తక్కువ.
2. నొప్పి కొన్ని గంటలు ఉండి పూర్తిగా పోతుందా? వెలుతురు, చప్పుడు భరించలేకపోవడం, వికారం, నొప్పి ఉన్న రోజున చీకటి గదిలో పడుకోవాలనిపించడం ఉన్నాయా? ఉంటే మైగ్రేన్ గురించి డాక్టరును అడగండి.
3. ఒకవైపు మాత్రమే ఉందా? పై దవడ పంటిలో నొప్పి, పాత రూట్ కెనాల్, ముక్కులో దుర్వాసన తోడైతే పంటి వేరు నుంచి చెంప సైనస్‌కు చీము చేరి ఉండవచ్చు. పై దవడ పళ్ళ వేర్లకూ ఆ సైనస్ అడుగుకూ మధ్య పలుచని ఎముకే అడ్డు. అలాంటప్పుడు పన్ను బాగుచేయకుండా ముక్కుకు ఎంత వైద్యం చేసినా తగ్గదు.
4. పొద్దున లేవగానే దవడ కండరాలు బిగుసుకుని ఉంటున్నాయా, నమిలేటప్పుడు చెవి ముందు టక్కుమంటోందా? అది దవడ కీలు సమస్య కావచ్చు.

మొదటి ప్రశ్నకు అవునని, మిగిలిన మూడింటికీ కాదని జవాబు వస్తే కింది పద్ధతి మీకు పనికివచ్చే అవకాశం ఎక్కువ. జవాబులు కలగాపులగంగా ఉంటే ముక్కు కడుక్కోవడం మొదలుపెట్టవచ్చు గాని, దాన్ని నమ్ముకుని డాక్టరును కలవడం వాయిదా వేయకండి.

కావలసినవి

- ముక్కు కడుక్కోవడానికి 240 మిల్లీలీటర్ల మెత్తటి పిండే సీసా, లేదా కొమ్ము ఉన్న జలనేతి పాత్ర. మొదటిసారి చేసేవారికి సీసాయే సులువు, ఎందుకంటే ధార వేగం మీ చేతిలో ఉంటుంది.
- డిస్టిల్డ్ వాటర్, లేదా మరిగించి చల్లార్చిన నీరు.
- మందుల దుకాణాల్లో దొరికే ముక్కు కడిగే ఉప్పు ప్యాకెట్లు. దొరక్కపోతే అయోడిన్ గాని, ముద్ద కట్టకుండా కలిపే పదార్థాలు గాని లేని శుద్ధమైన ఉప్పు, వంటసోడా, గ్రాములు చూపే చిన్న త్రాసు.
- డాక్టరు రాసిచ్చి ఉంటే స్టెరాయిడ్ నాసల్ స్ప్రే.
- శుభ్రమైన గుడ్డ, నోట్‌బుక్.

నీటి విషయంలో రాజీ పడకండి

కుళాయి నీటిని నేరుగా ముక్కులో పోసుకోకూడదు. తాగడానికి సురక్షితమైన నీరే అయినా అందులో ఉండగల కొన్ని సూక్ష్మజీవులను జీర్ణాశయంలోని ఆమ్లం చంపుతుంది. ముక్కులో ఆ రక్షణ లేదు. నెగ్లేరియా ఫౌలెరీ అనే అమీబా ముక్కు ద్వారా మెదడుకు చేరితే దాదాపు ఎప్పుడూ ప్రాణాంతకమే. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో కుళాయి నీటితో ముక్కు కడుక్కున్న ఇద్దరు దీనివల్లే మరణించారు. ఇలా జరగడం చాలా అరుదు, కానీ నీరు మరిగించడానికి పట్టే కొద్ది నిమిషాలతో తప్పించుకోగల ప్రమాదాన్ని తలకెత్తుకోవడంలో అర్థం లేదు.

నీరు తెర్లడం మొదలైన తరువాత కనీసం ఒక నిమిషం మరగనివ్వండి. సముద్రమట్టానికి 2000 మీటర్లకు పైన ఉండేవారు మూడు నిమిషాలు మరిగించాలి. మూత పెట్టి చల్లారనిచ్చి, శుభ్రమైన మూత పాత్రలో ఉంచి 24 గంటల్లోపు వాడేయండి. ఇంట్లోని ప్యూరిఫయర్ నుంచి వచ్చిన నీరైనా, మామూలు సీసా నీరైనా మరిగించాకే వాడాలి.

ముక్కు కడుక్కునే పద్ధతి

1. చేతులు, సీసా కడగండి. ముందురోజు సీసాలో నీరు మిగిలి ఉంటే పారబోసి, సబ్బుతో కడిగి, చివరగా మరిగించిన నీటితో తొలవండి.

2. ద్రావణం కలపండి. ప్యాకెట్ అయితే దాని మీద రాసినంత నీటిలోనే కలపాలి. ఇంట్లో చేసుకుంటే లీటరు నీటికి 9 గ్రాముల ఉప్పు కొలత; 240 మిల్లీలీటర్లకు రెండు గ్రాముల పైచిలుకు. త్రాసు లేనివారు 5 మిల్లీలీటర్ల టీస్పూనుతో మెత్తటి ఉప్పును మట్టంగా కొలిచి, పావుకు పైన, సగానికి మించకుండా వేసుకోవచ్చు. చిటికెడు వంటసోడా కలిపితే మంట తగ్గుతుంది. ఉప్పు పూర్తిగా కరిగే వరకు ఊపండి. అడుగున నిలిచిన పలుకులు ముక్కులోకి వెళితే సూదులు గుచ్చినట్టు మండుతుంది.

3. వేడి చూసుకోండి. మణికట్టు లోపలివైపు రెండు చుక్కలు వేసుకుంటే వేడిగానూ చల్లగానూ అనిపించకూడదు. మరీ చల్లటి నీరు ముక్కులో చురుక్కుమంటుంది, వేడి నీరు పొరను కాలుస్తుంది.

4. సింకు మీదికి వంగండి. నడుము నుంచి ముందుకు వంగి, తలను కాస్త పక్కకు తిప్పండి. గడ్డం, నుదురు దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. తల వెనక్కి వాలిస్తే నీరు గొంతులోకి దిగి పొలమారుతుంది.

5. నోరు తెరిచి నోటితోనే గాలి పీల్చండి. సీసా మూతిని పైనున్న ముక్కు రంధ్రానికి ఆనించి నెమ్మదిగా పిండండి. పిండేటప్పుడు "క్క... క్క..." అని గొంతు వెనుక నుంచి పలుకుతూ ఉంటే అంగుడు పైకి లేచి గొంతు దారి మూసుకుంటుంది, నీరు నోట్లోకి రాదు. మొదటి రెండు మూడు సెకన్లు ముక్కు వెనుక ఏదో నిండుతున్నట్టు అనిపించి గాబరా కలుగుతుంది. ఊపిరి నోటితో సాగుతోందని గమనించుకుంటే ఆ గాబరా పోతుంది. అంతలో రెండో రంధ్రం నుంచి ధార బయటికి వస్తుంది, దానితోపాటు తీగలు సాగే శ్లేష్మమూ వస్తుంది.

6. సగం సీసాతో ఒకవైపు, మిగిలిన సగంతో రెండోవైపు చేయండి. మధ్యలో ఆగి మెల్లగా చీదండి.

7. మిగిలిన నీటిని దించండి. ముందుకు బాగా వంగి, తలను ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిప్పి కొన్ని సెకన్ల చొప్పున ఆగండి. ఆ తరువాత రెండు రంధ్రాలనూ తెరిచే ఉంచి మెల్లగా గాలి వదలండి. రెండూ మూసి గట్టిగా చీదితే ఒత్తిడి చెవుల్లోకి, సైనస్‌లలోకి ఎదురు తన్నుతుంది.

8. సీసాను కడిగి బోర్లించి ఆరనివ్వండి. మూత బిగించి తడిగా పెట్టకండి. సుమారు మూడు నెలలకోసారి కొత్త సీసా తీసుకోండి.

లక్షణాలు ఎక్కువగా ఉన్నప్పుడు రోజుకు రెండుసార్లు, నెమ్మదించాక ఒకసారి చేస్తే చాలు. పడుకునే ముందు వెంటనే చేయకుండా కనీసం గంట ముందు ముగించండి. లేకపోతే లోపల మిగిలిన నీరు దిండు మీదికి కారుతుంది, గొంతులోకి దిగి దగ్గు తెప్పిస్తుంది.

చెవి నొప్పి లేదా చెవి ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు, ముక్కు నుంచి తరచూ రక్తం వస్తున్నప్పుడు, ముక్కుకో చెవికో ఈమధ్యే ఆపరేషన్ జరిగినప్పుడు డాక్టరును అడగకుండా కడుక్కోవద్దు. ముక్కు రెండువైపులా పూర్తిగా మూసుకుపోయి ఉన్నప్పుడు నీటిని బలవంతంగా నెట్టకండి. అది బయటికి దారి లేక చెవి వైపు వెళుతుంది. అలాంటప్పుడు మొదట సెలైన్ (ఉప్పునీటి) స్ప్రే నాలుగైదుసార్లు కొట్టుకుని, పావుగంట ఆగి, కాస్త దారి తెరుచుకున్నాక ప్రయత్నించండి. చిన్నపిల్లలకు డాక్టరు చెబితే తప్ప సీసాతో చేయకండి, వారికి సెలైన్ చుక్కలు ఉన్నాయి.

స్ప్రే కొట్టుకునే పద్ధతి

ఫ్లుటికాసోన్, మొమెటాసోన్, బుడెసొనైడ్ వంటి స్టెరాయిడ్ స్ప్రేలు పొర వాపును తగ్గిస్తాయి. స్టెరాయిడ్ అన్న మాట వినగానే భయపడి మానేసేవారు చాలామంది ఉన్నారు. మింగే మాత్రలతో పోలిస్తే స్ప్రే ద్వారా రక్తంలో చేరే మందు చాలా తక్కువ. అయినా నీటికాసులు, శుక్లాలు ఉన్నవారు, హెచ్‌ఐవీకి రిటోనావిర్ లేదా కోబిసిస్టాట్ వాడుతున్నవారు ఆ సంగతి తప్పక డాక్టరుకు చెప్పాలి. ఆ మందులు శరీరంలో స్టెరాయిడ్‌ను పేరుకుపోయేలా చేస్తాయి.

1. ముక్కు కడుక్కున్న తరువాత పావుగంట నుంచి 20 నిమిషాలు ఆగండి. వెంటనే కొడితే మందు నీటితోపాటు కారిపోతుంది.
2. సీసాను ఊపండి. కొత్తదైతే సన్నని తుంపర వచ్చేదాకా గాలిలోకి కొన్నిసార్లు కొట్టి సిద్ధం చేసుకోండి.
3. తలను కాస్త ముందుకు వంచండి, వెనక్కి కాదు.
4. ఎడమ రంధ్రంలో కుడిచేత్తో, కుడి రంధ్రంలో ఎడమచేత్తో కొట్టుకోండి. ఇలా చేతులు మార్చితే మూతి సహజంగానే బయటివైపుకు, అదేవైపు కంటి చివర దిశగా తిరుగుతుంది. ముక్కు మధ్యగోడకు తగిలేలా కొడితే అక్కడి పొర ఎండి, పగిలి రక్తం వస్తుంది.
5. కొట్టేటప్పుడు మామూలుగా, మెత్తగా గాలి పీల్చండి. గొంతులో చేదుగా తగిలిందంటే మీరు గట్టిగా పీల్చారని, మందు పొర మీద నిలవక జారిపోయిందని అర్థం.

స్ప్రే ఫలితం కొన్ని రోజులకు మొదలై, రెండు వారాలకు బాగా తెలుస్తుంది. దీర్ఘకాలిక సైనసైటిస్‌లో 8 నుంచి 12 వారాలు రోజూ వాడిన తరువాతే పనిచేసిందో లేదో చెప్పగలం. బాగా ఉన్న రోజున మాని, బరువెక్కిన రోజున వాడే మందు కాదిది. రక్తపు చారలు కనిపిస్తే మూతి దిశ సరిచూసుకోండి, అయినా ఆగకపోతే మందు మాని డాక్టరును కలవండి.

తక్షణ ఉపశమనానికి

*గోరువెచ్చని కాపడం.* వేడినీటిలో ముంచి పిండిన గుడ్డను చెంపల మీద, ముక్కు దూలం మీద కొద్ది నిమిషాలు ఉంచండి. ఇది వ్యాధిని తగ్గించదు గాని హాయినిస్తుంది, హాని లేదు.

*ఆవిరి పట్టడం.* ఇది అందరికీ ఇష్టమైన పని కాబట్టి స్పష్టంగా చెప్పాలి. 2016లో ఇంగ్లండ్‌లో 871 మందితో చేసి ప్రచురించిన పరిశోధనలో ఉప్పునీటితో కడుక్కోవాలని సలహా పొందినవారికి కొంత మేలు కనిపించింది, ఆవిరి వల్ల చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. ఆవిరి పట్టినంతసేపు హాయిగా ఉంటే పట్టుకోండి, కానీ మరుగుతున్న గిన్నె మీదికి దుప్పటి కప్పుకుని వంగడం మానండి. గిన్నె ఒరిగి తొడలు, పొట్ట కాలిన కేసులు, ముఖ్యంగా పిల్లలలో, ఆసుపత్రులకు వస్తూనే ఉంటాయి. వేడినీటి స్నానం చేసేటప్పుడు తలుపు మూసుకుని ఆ ఆవిరిని పీల్చడం అంతకంటే సురక్షితం.

*మెంథాల్, కర్పూరం ఉన్న బామ్‌లు.* మెంథాల్ ముక్కులోని చల్లదనాన్ని గుర్తించే నరాలను తాకి ముక్కు తెరుచుకున్న భావన కలిగిస్తుంది, గాలి దారి మాత్రం అంతే ఇరుకుగా ఉంటుంది. రెండేళ్ళలోపు పిల్లలకు వీటిని పూయవద్దు.

*దిబ్బడ విడిచే చుక్కలు.* ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు నిమిషాల్లో ముక్కును తెరుస్తాయి, ప్రమాదం కూడా అందులోనే ఉంది. మూడు రోజులకు మించి వాడితే మందు దిగగానే వాపు రెట్టింపై తిరిగి వస్తుంది, మళ్ళీ చుక్క వేయాల్సి వస్తుంది, అలా నెలలు గడిచిపోతాయి. "సైనస్ వదలడం లేదు" అనేవారిలో కొందరి అసలు జబ్బు ఈ చుక్కలే. మీరు వారాల తరబడి వాడుతున్నట్టయితే డాక్టరు సాయంతో మానాలి. సాధారణంగా స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, ఒక్కో రంధ్రం చొప్పున మాన్పిస్తారు.

*మింగే దిబ్బడ మాత్రలు.* సూడోఎఫెడ్రిన్ రక్తపోటును పెంచగలదు. గుండె జబ్బు, అధిక రక్తపోటు, నీటికాసులు, ప్రోస్టేట్ వాపు ఉన్నవారు అడగకుండా వేసుకోకూడదు. ఇక చాలా జలుబు మాత్రల్లో ఉండే ఫినైల్‌ఎఫ్రిన్ నోటి ద్వారా తీసుకుంటే దిబ్బడ మీద పనిచేయదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు చెందిన నిపుణుల సంఘం 2023లో ఏకగ్రీవంగా తేల్చింది. కొనేముందు అట్ట మీద పేరు చదవండి.

*నొప్పి మాత్రలు.* పారాసిటమాల్ పెద్దలకు 24 గంటల్లో 4 గ్రాములు మించకూడదు, కాలేయ జబ్బు ఉంటే ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లోనూ అది కలిసి ఉంటుంది కాబట్టి రెండూ కూడి లెక్కవేయండి. ఉబ్బసం, ముక్కులో కండలు (పాలిప్స్) రెండూ ఉన్నవారు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వాడితే కొందరికి ఊపిరాడని పరిస్థితి వస్తుంది. డాక్టరు చెప్పందే వాడవద్దు. నెలలో 15 రోజులకు పైగా నొప్పి మాత్రలు వేసుకుంటుంటే ఆ మాత్రలే తలనొప్పిని పెంచుతూ ఉండవచ్చు.

యాంటీబయాటిక్ ఎప్పుడు?

శ్లేష్మం పచ్చగానో ఆకుపచ్చగానో మారగానే యాంటీబయాటిక్ కావాలనుకోవడం అన్నిటికంటే ఎక్కువగా కనిపించే పొరపాటు. వైరస్ జలుబులో కూడా మూడో నాలుగో రోజుకు రంగు మారుతుంది. ఆ రంగు మన తెల్ల రక్తకణాల నుంచి వచ్చేది. లక్షణాలు పది రోజులు దాటినా ఏమాత్రం తగ్గకపోతే, లేదా కాస్త తగ్గి మళ్ళీ జ్వరంతోనో నొప్పితోనో తిరగబెడితే బాక్టీరియా అనుమానించాలి. అప్పుడు కూడా నిర్ణయం డాక్టరుదే. ఇంట్లో మిగిలిపోయిన పాత మాత్రలు వేసుకోకండి.

తరచూ జరిగే మరికొన్ని పొరపాట్లు

మంటగా ఉందని మానేయడం: ఉప్పు తక్కువైతే మండుతుంది, ఎక్కువైనా మండుతుంది. ముందు కొలత సరిచేసి, వంటసోడా కలిపి, నీటి వేడి చూసి మళ్ళీ ప్రయత్నించండి. ఉప్పు కలపని నీరు అన్నిటికంటే ఎక్కువగా మండుతుంది.

ఒక్కో రంధ్రం చొప్పున ముక్కు మారి మారి దిబ్బడ వేస్తోందని భయపడటం: ఆరోగ్యవంతులలో కూడా కొన్ని గంటలకోసారి ఒక రంధ్రం ఇరుకై మరొకటి తెరుచుకుంటూ ఉంటుంది. పక్కకు తిరిగి పడుకుంటే కిందివైపు ముక్కు బిగుస్తుంది. ఇది జబ్బు కాదు. ఎప్పుడూ ఒకేవైపు మూసుకుని ఉంటే దానికి కారణం వెతకాలి.

మూలాన్ని వదిలేయడం: ఇంట్లో పొగతాగేవారుంటే, పడకగదిలో బూజు ఉంటే, తుమ్ములూ కళ్ళ దురదా ఉండి అలర్జీకి వైద్యం జరగకపోతే, ఎంత కడుక్కున్నా ఒత్తిడి తిరిగి వస్తుంది. అలర్జీ లేనివారికి అలర్జీ మాత్రలు పనికిరావు. పాతతరం మాత్రలైతే మగత తెప్పించడమే కాక శ్లేష్మాన్ని ఇంకా చిక్కబరుస్తాయి.

ముక్కు దిబ్బడతో విమానం ఎక్కడం, నీటి లోతుల్లోకి దూకడం: మూసుకుపోయిన సైనస్‌లో గాలి పీడనం సర్దుకోలేక తీవ్రమైన నొప్పి, రక్తస్రావం కలగవచ్చు. డైవింగ్ పూర్తిగా మానండి. విమాన ప్రయాణం తప్పనిసరైతే ముందుగా డాక్టరును అడిగి వెళ్ళండి.

ఫలితాన్ని ఎలా చూసుకోవాలి?

కడుక్కునేటప్పుడే కొన్ని సంగతులు తెలుస్తాయి. నీరు రెండో రంధ్రం నుంచి ధారగా వస్తే పద్ధతి సరిగ్గా ఉంది. నోట్లోకి వస్తే తల వెనక్కి వాలిందని అర్థం. చెవి నిండినట్టు అనిపిస్తే మీరు గట్టిగా పిండుతున్నారు, లేదా చేస్తుండగా మింగారు. రెండు వారాల సాధన తరువాత కూడా ఒకవైపు నుంచి నీరు అసలు పోకపోతే అక్కడ కండ గాని, వంకర గోడ గాని అడ్డు ఉండవచ్చు.

మొత్తం మీద మెరుగుదల తెలియడానికి జ్ఞాపకం మీద ఆధారపడకండి. బాగాలేని రోజున "ఎప్పుడూ ఇంతే" అనిపిస్తుంది. రాత్రి పడుకునే ముందు నాలుగు అంశాలకు సున్నా నుంచి పది వరకు మార్కులు వేయండి: ముక్కు దిబ్బడ, శ్లేష్మం, ముఖంలో ఒత్తిడి, నిద్ర. వారానికోసారి సగటు తీయండి. వాసన కోసం ప్రతి ఆదివారం కళ్ళు మూసుకుని, ఒకే సబ్బును ఒక్కో ముక్కు రంధ్రంతో విడివిడిగా వాసన చూసి ఎంత దూరం నుంచి తెలుస్తోందో రాయండి. సాధారణంగా శ్లేష్మం, దిబ్బడ ముందుగా తగ్గుతాయి. వాసన ఆలస్యంగా తిరిగి వస్తుంది. దిబ్బడ, శ్లేష్మం పూర్తిగా తగ్గినా ముఖంలో ఒత్తిడి మార్కులు మాత్రం కదలకుండా ఉంటే, ఆ ఒత్తిడి సైనస్ నుంచి వస్తోందన్న అనుమానాన్ని తిరిగి పరిశీలించాలి. మైగ్రేన్, దవడ, పన్ను గురించి పైన రాసిన ప్రశ్నలకు మళ్ళీ వెళ్ళండి.

తగ్గకపోతే

లక్షణాలు 12 వారాలు దాటినా, ఒకేవైపు శ్లేష్మం లేదా రక్తం వస్తున్నా, వాసన పూర్తిగా పోయినా, ఏడాదిలో పదేపదే తిరగబెడుతున్నా ఈఎన్‌టీ డాక్టరును కలవండి. ఆయన సన్నని కెమెరాతో ముక్కు లోపల చూస్తారు, అవసరమైతే సీటీ స్కాన్ రాస్తారు. మామూలు ఎక్స్‌రే దీనికి పెద్దగా ఉపకరించదు, దాన్ని ముందే తీయించుకుని వెళ్ళనక్కరలేదు. చిన్నపిల్లలకు ఒకేవైపు ముక్కు నుంచి దుర్వాసనతో శ్లేష్మం వస్తుంటే లోపల పూసో, గింజో ఇరుక్కుని ఉండవచ్చు. ఇంట్లో తీయబోకుండా తీసుకువెళ్ళండి.

ముక్కులో కండలు గాని, ద్వారానికి అడ్డు గాని బయటపడి మందులతో లొంగకపోతే ఎండోస్కోపిక్ ఆపరేషన్ గురించి చెబుతారు. ఆపరేషన్ ద్వారాలను వెడల్పు చేస్తుంది, తద్వారా ఉప్పునీరు, మందు లోపలికి బాగా చేరతాయి. పొరకు వాచే స్వభావం మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి ఆ తరువాత కూడా కడుక్కోవడం, స్ప్రే కొనసాగించవలసి వస్తుంది; ఈ మాట ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందే డాక్టరుతో వివరంగా మాట్లాడుకోండి.

వెళ్ళేటప్పుడు మార్కుల నోట్‌బుక్, ఇప్పటిదాకా వాడిన మందుల పేర్లు, ఒక్కోటి ఎన్ని వారాలు వాడారన్నది, దిబ్బడ చుక్కలు వాడి ఉంటే ఆ సంగతి, ఉబ్బసం, మధుమేహం, మందుల అలర్జీల వివరాలు, పళ్ళకు చేయించుకున్న వైద్యం రాసి తీసుకువెళ్ళండి. స్ప్రేను కూడా వెంట తీసుకెళ్ళి, మీరు ఎలా కొట్టుకుంటున్నారో డాక్టరు ఎదుటే ఒకసారి చేసి చూపించండి.